యల్లాప్రగడ సుబ్బారావు: గుండె ఇంధనం గుట్టు విప్పిన తెలుగు శాస్త్రవేత్త.. 53 ఏళ్లకే గుండెపోటుతో మృతి

నెల్లూరు జిల్లా సంగం నుంచి శ్రీకాకుళం దాకా కోస్తా పల్లెల్లో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్రలు చాలామందికి గుర్తే. ఆ మందు వెనకున్నది ఓ తెలుగాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మన కండరాలకు, గుండెకు శక్తి ఎలా అందుతుందో ప్రపంచానికి చెప్పిందీ ఆయనే. చివరికి ఆ గుండే ఆయన్ని మోసం చేసింది.

ఖద్దరు వేసుకున్నందుకు..

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, గాంధీ పిలుపుతో ఖద్దరు తొడిగారు. అది తెల్ల ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆ దెబ్బే ఆయన్ని పరిశోధన వైపు నడిపింది. మామగారి సాయంతో 1922లో అమెరికా వెళ్లారు. మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

ఏటీపీతో సంచలనం

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించారు. ఏటీపీ అంటే కణానికి చేతి ఖర్చు డబ్బులాంటిది. అది అయిపోతుంటే వెంటనే నింపే పొదుపు డబ్బా ఫాస్ఫోక్రియాటిన్. 1940లో లెడర్లే కంపెనీలో చేరాక ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, పిల్లల లుకేమియాపై వాడిన అమినోప్టెరిన్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్.. అన్నీ ఆయన బృందం నుంచే వచ్చాయి.

గుండెపోటు వేళ జరిగేది ఇదే

రక్తం ఆగగానే గుండె కండరంలో ముందు ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుంది. తర్వాత ఏటీపీ పడిపోతుంది. దెబ్బతిన్న కణాల నుంచి బయటికి కారిన ఏటీపీ, పక్కనున్న మాస్ట్ కణాలను రెచ్చగొడుతుంది. అవి హిస్టమిన్‌ను వదులుతాయి. ఒంటి మీద దద్దుర్లు, దురద తెప్పించేది కూడా ఈ హిస్టమినే. గుండెలో అయితే లయ తప్పేలా చేయగలదు, రక్తనాళాన్ని బిగించగలదు. మాస్ట్ కణాలు చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో కూడా ఉంటాయి. అందుకే దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. తేనెటీగ కుట్టినా, మందు పడకపోయినా వచ్చే తీవ్ర అలర్జీ కొందరిలో గుండెపోటుకు దారితీస్తుంది. 1991లో కౌనిస్ అనే గ్రీకు వైద్యుడు వివరించడంతో దీనికి కౌనిస్ సిండ్రోమ్ అని పేరొచ్చింది.

నిద్రలోనే..

1948 ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు కన్నుమూశారు. నోబెల్ రాలేదు, బతికుండగా సొంత దేశంలో పెద్దగా పేరూ రాలేదు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట స్టాంపు తెచ్చింది. గుండె కండరానికి శక్తి ఎలా అందుతుందో అర్థం చేసుకోవడానికి ఆయన కనిపెట్టిన విషయాలు ముఖ్యమైన ఆధారం. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు పడితే గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. ఏటీపీ తరిగేది నిమిషాల్లోనే. వెంటనే 108కి ఫోన్ చేయండి.