బొబ్బిలి రాజావారి మంత్రిమండలి

పూర్వుల చరితమును స్మరించుట మనకు ధర్మము. అది స్తోత్రమాత్రమైనచో పిల్లలకు నేర్వదగినది స్వల్పమే యగును. మేము బడిలో చరిత్రపాఠము చెప్పుచుండిన కాలమున ఒక బాలుడు, బొబ్బిలి రాజుగారు బొబ్బిలిలోనే యెట్లు ఓడిపోయిరని యడిగెను. నాడు గంట మ్రోగినదను నెపమున దాటవేసితిమి. ఆ ఋణమును ఇచ్చట తీర్చుకొనుచున్నాము.

శ్రీ రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావు బహద్దరు వారు 1901 ఫిబ్రవరి 20వ తేదీన జన్మించి, 1921లో సంస్థానాధిపత్యము వహించిరి. 1757 నాటి యుద్ధమువలన ఆ కోట పేరెరుగని ఆంధ్రుడు లేడు. ఆ వంశమునకు రాజ్యాంగకార్యములును క్రొత్తవి గావు. 1910లో మద్రాసు గవర్నరుగారి కార్యనిర్వాహక సభలో భారతీయునకు తొలిసారిగా స్థానము లభించినప్పుడు దానిని పొందినవారు నాటి బొబ్బిలి మహారాజావారే.

రాజావారు 1930లో శాసనసభ ప్రవేశించిరి. నాటి ప్రభుత్వస్వరూపము నేటివారికి వింతగా తోచును. 1919 చట్టము ననుసరించి భూమిశిస్తు, ఆర్థికము, పోలీసు, న్యాయపాలనము గవర్నరుగారి కార్యనిర్వాహక సభ్యుల యధీనమున నుండెను. విద్య, వైద్యము, స్థానిక స్వపరిపాలనము, వ్యవసాయము, పరిశ్రమలు మొదలైనవి మాత్రమే మంత్రులకు దక్కెను. ఆంధ్ర, తమిళ, మలబారు, దక్షిణ కన్నడ ప్రాంతములన్నిటికిని కలిపి ఆ మంత్రులు ముగ్గురే!

1930 అక్టోబరులో జస్టిస్ పక్షమునకు చెందిన బి. మునుస్వామినాయుడుగారు ప్రధానమంత్రి యైరి. పి. టి. రాజన్, ఎస్. కుమారస్వామి రెడ్డియారు గారలు సహమంత్రులు. పక్షమున జమీందారులకును తక్కినవారికిని వైరము ముదిరెను. సహమంత్రు లిరువురును తొలగిపోగా నాయుడుగారు పదవిని విడువవలసి వచ్చెను. 1932 నవంబరు 5న రాజావారు ప్రధానమంత్రులైరి. పానగల్లు రాజావారి తరువాత వెలమ కులమునుండి ఆ పీఠ మెక్కిన రెండవవారు వీరే. తొలగిన మంత్రు లిరువురును మరల వచ్చి చేరిరి. అనగా మండలిలో మారినది నాయకుడొక్కడే. 1936లో రెడ్డియారుగారి స్థానమున ముత్తయ్య చెట్టియారుగారు వచ్చిరి. ఆ యేట ఏప్రిల్ మొదలు ఆగస్టు వరకు రాజన్‌గారు ప్రధానమంత్రిత్వము నిర్వహించిరి.

రాజావారి పాలనమున మేలు జరుగలేదనుట న్యాయము గాదు. 1936లో ఎస్టేటు భూముల చట్టమునకు జరిగిన సవరణవలన ఇనాము గ్రామముల రైతులకు జిరాయితీ హక్కు సంక్రమించెను. కాని ఆ కాలమున ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము. ధాన్యపు ధర పడిపోయెను; జమీందారీ శిస్తు మాత్రము రైతు తలపై నట్లే నిలిచెను. రైతు తన మొర వినిపింపబోయిన చోట జమీందారే ప్రధానమంత్రి. ఆ మువ్వురిలో మహమ్మదీయుడు గాని, దళితుడు గాని, మలబారువాడు గాని లేడు.

1937 ఎన్నికలలో కాంగ్రెసువారు శాసనసభలోని 215 స్థానములలో 159 గెలిచిరి. బొబ్బిలిలో వి. వి. గిరిగారు రాజావారిని ఓడించిరి. జూలై 14న రాజగోపాలాచారిగారు పదిమందితో మంత్రిమండలి నేర్పరచిరి. అందు ఆంధ్రులు ప్రకాశం, గిరి, బెజవాడ గోపాలరెడ్డి గారలు మువ్వురు. యాకూబ్ హసన్, దళితనాయకులగు వి. ఐ. మునుస్వామి పిళ్లె, మలబారు ప్రాంతీయులగు రామన్ మీనన్ గారలును ఉండిరి. రెవిన్యూశాఖ ప్రకాశంగారి హస్తగతమయ్యెను. జమీందారీ రైతుల కష్టములను విచారించు సంఘమునకు ఆయనయే అధ్యక్షుడయ్యెను. 1948 చట్టముతో జమీందారీలే రద్దయ్యెను.

రాజావారు పిమ్మట భారత రాజ్యాంగసభలో సభ్యులై, ఓటే అధికారమునకు మూలమైన నూతన వ్యవస్థ రూపొందుటలో పాలుగొనిరి. 1978 మార్చి 10న దివంగతులైరి. బొబ్బిలి మరుసటి యేడు శ్రీకాకుళము జిల్లానుండి నూతన విజయనగరము జిల్లాలో చేరెను.

ఆ బాలునకు మా యుత్తర మిది: నాయనా, రాజుగారు ఓడినది శౌర్యములేమిచేత గాదు. ప్రజలు తమ మంత్రిమండలిలో తమ ముఖమును వెదకికొనిరి, అది కనబడలేదు. కులబంధువులారా, మన సంఘము కార్యవర్గము నెన్నుకొనునప్పుడును ఈ మాట మరువకుందుము గాక. సంపన్నుల సరసన కౌలురైతునకును, ఉపాధ్యాయునకును, స్త్రీలకును పీట వేయుదుము గాక.

స్వస్తి.