టస్కీగీ విద్యాలయ నిర్మాత బుకర్ టి. వాషింగ్టన్

నెల్లూరు సీమలో సముద్రతీరపు ఇసుక నేలను నమ్ముకొని వేరుసెనగ పండించు రైతునకు, ఆ పైరు వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి భూమికి సత్తువ నిచ్చునని తెలియును. ఈ శాస్త్రజ్ఞానమును, చదువునకు దూరము చేయబడిన పేద సేద్యగాండ్ర వాకిళ్లకు చేర్చిన విద్యాలయ మొకటి అమెరికాలో కలదు. దాని పేరు టస్కీగీ. దానిని నిలిపిన మహనీయుడు బుకర్ టి. వాషింగ్టన్.

ఆయన 1856లో వర్జీనియా రాష్ట్రమున నల్లజాతి బానిస కుటుంబమునందు జన్మించెను. తల్లి జేన్ యజమాని యింట వంటకత్తె. 1865లో బానిసత్వము తొలగెను గాని దారిద్ర్యము తొలగలేదు. బాలుడు ఉప్పు కొలుములలోను, బొగ్గుగనులలోను కూలి చేయుచు అక్షరములు నేర్చెను. 1872లో సుమారు 500 మైళ్ల దూరమునందలి హాంప్టన్ పాఠశాలకు బయలుదేరెను. త్రోవలో డబ్బు అయిపోగా, రిచ్‌మండు నగరమున వీధి చెక్క నడవల క్రింద పండుకొని, పగలు ఓడసరకు దించి పొట్ట పోసికొనెను. హాంప్టన్‌లో ఆయనకు పెట్టిన ప్రవేశపరీక్ష ఒక గది ఊడ్చుట. ఆయన దానిని మూడుమార్లు ఊడ్చి, నాలుగుమార్లు దుమ్ము తుడిచెను. అక్కడనే ఊడిగము చేయుచు చదువు ముగించెను.

1881 జూలై 4న అలబామా రాష్ట్రపు టస్కీగీ గ్రామమున, కురియు పాకలో, 30 మంది విద్యార్థులతో ఆయన పాఠశాల తెరచెను. ప్రభుత్వ మిచ్చినది ఏటా 2,000 డాలర్లు. అదియు జీతములకు మాత్రమే. స్థలము లేదు, కట్టడము లేదు. అప్పు చేసి పాడుపడిన తోటభూమి కొని, విద్యార్థులచేతనే ఇటుకలు కోయించెను. పుస్తకములు చదువవచ్చిన మాకు మట్టిపని యేల యని వారు గొణిగిరి. మూడు ఆవములు వరుసగా చెడెను. చేత కాసు లేక, ఆయన తన గడియారమును 15 డాలర్లకు కుదువబెట్టి నాలుగవ ఆవము పేర్చెను. అది పండెను.

1896లో ఆయన జార్జి వాషింగ్టన్ కార్వర్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుని పిలిపించెను. ఆయనయు బానిసగా పుట్టినవాడే. ప్రయోగశాలకు పరికరములు లేకపోగా, కార్వర్ శిష్యులతో కలసి చెత్తకుప్పలలోని సీసాలు, పాత్రలు ఏరి తెచ్చి పని సాగించెను. ఏటేట పత్తియే వేయుటచే నిస్సారమైన భూములకు వేరుసెనగ, అలసంద వంటి పైరులు మార్చి వేయుట ఆయన బోధించిన మార్గము. బడికి రాలేని రైతుకొరకు 1906లో నాగళ్లు, విత్తనములు నింపిన బండి పల్లెలకు పోసాగెను. పనిభారమును గూర్చి అధ్యక్షునకును శాస్త్రజ్ఞునకును మాటపట్టింపులు తరచు వచ్చెను. అయినను ఇరువురును టస్కీగీని విడువలేదు.

వాషింగ్టన్ మార్గమును అందరు నొప్పలేదు. వృత్తివిద్యకే పెద్దపీట వేసి, ఉన్నతవిద్యను, ఓటుహక్కును వెనుకకు నెట్టుచున్నాడని డుబాయిస్ పండితుడు 1903లో గట్టిగా విమర్శించెను. ఆ విమర్శలో నిజము లేకపోలేదు. అయితే హక్కులకొరకు నడచిన వ్యాజ్యములకు ఆయన రహస్యముగా ధనమిచ్చెనని తరువాతికాలమున బయటపడెను.

1915 నవంబరు 14న ఆయన మరణించునాటికి టస్కీగీలో 100కు పైగా కట్టడములును, సుమారు 1,500 మంది విద్యార్థులును ఉండిరి. మరుసటి యేడు కార్వర్ వేరుసెనగను 105 విధముల వండుకొను తీరు తెలుపు చిన్న పుస్తకము ప్రకటించెను. 1945లో అక్కడ పశువైద్య కళాశాల యేర్పడెను. నేడది విశ్వవిద్యాలయము.

ఇంతటి విద్యాలయమునకు మూల మొక చిన్న పుస్తకము. అక్షరము రాని జేన్, కుమారుని కోరిక కాదనలేక, ఎట్లో సంపాదించి యిచ్చిన అక్షరమాల పుస్తకమది. చెప్పువారు లేకున్నను బాలుడు దానిని వదలలేదు.