ఓడ పక్కన గీత గీయించిన మనిషి

ఈ శనివారం మీ పిల్లల తెల్ల కాన్వాస్ బూట్లు ఉతికేటప్పుడు, రబ్బరు అంచూ గుడ్డా కలిసే చోట ఉండే గీతను ఒకసారి చూడండి. ఇంగ్లండ్‌లో ఆ బూట్లను ప్లిమ్‌సోల్స్ అంటారు. గీత దాటి నీళ్లొస్తే కాలు తడుస్తుంది. ఓడకూ అలాంటి గీతే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఓడకు ఆ గీత తప్పనిసరి చేయించినాయన శామ్యూల్ ప్లిమ్‌సోల్.

ఆయన 1824లో బ్రిస్టల్‌లో పుట్టారు. చిన్న వయసులోనే బడి మానేసి షెఫీల్డ్‌లో గుమాస్తాగా చేరారు. ఆ తర్వాత ఒక బీరు కంపెనీలో మేనేజరయ్యారు. 1853లో లండన్ వెళ్లి బొగ్గు వ్యాపారం పెట్టి పూర్తిగా నష్టపోయారు. కొన్నాళ్లు కూలీలు ఉండే చవక సత్రాల్లో తలదాచుకున్నారు. మళ్లీ నిలదొక్కుకుని 1868లో డెర్బీ నుంచి పార్లమెంటుకు వెళ్లారు. ఆ సత్రం రోజులు ఆయన మరిచిపోలేదు.

ఇక ఓడల సంగతి. బిర్యానీ బాగుంటే మన హైదరాబాద్‌లో ఏ-వన్ అంటాం కదా, ఆ మాట లాయిడ్స్ రిజిస్టర్ పుస్తకాల నుంచి వచ్చింది. 1760లో లండన్‌లో మొదలైన ఈ సంస్థ ఓడలను పరీక్షించి గ్రేడు ఇచ్చేది. అక్షరం ఓడ ఒంటికి, అంకె లంగర్లూ గొలుసులూ లాంటి సామగ్రికి. ఇనప ఓడలు వచ్చాక, 1870 నుంచి మంచి ఇనప ఓడకు 100 ఏ 1 అని ఇచ్చారు. సర్వేయరు ఓడ కడుతుండగానే వెళ్లి రేకుల మందం, రివెట్లు, లోపలి ఇనప పక్కటెముకల మధ్య దూరం, లంగరు బరువు అన్నీ రాసుకునేవాడు. కొన్నేళ్లకోసారి మళ్లీ వచ్చి తుప్పు చూసేవాడు. అనుమానం వస్తే రేకుకు చిన్న రంధ్రం వేసి మందం కొలిచేవాడు.

గట్టిగా కట్టిన ఇనప ఓడ ఎంత తట్టుకుంటుందో మన బంగాళాఖాతమే చూసింది. 1863లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నీళ్లలోకి దిగిన యూటర్పి అనే తెరచాప ఓడ, 1865లో మద్రాసు దగ్గర తుఫానులో చిక్కుకుంది. తెరచాప స్తంభాలు నరికేసుకుని ఎలాగో ట్రింకోమలీ చేరింది. దాని పేరు ఇప్పుడు స్టార్ ఆఫ్ ఇండియా. శాన్ డియాగోలో ఇంకా నీటిమీదే ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న మీ బంధువుల ఫోన్లో దాని ఫొటో ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

అయితే సర్టిఫికెట్ చెప్పేది ఓడ ఒంటి సంగతి. ఇవాళ దాంట్లో ఎంత సరుకు నింపారో అది చెప్పదు. ఫిట్‌నెస్ కాగితం సక్రమంగా ఉన్న ఆటోలో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టినట్టే. పైగా ఆ రోజుల్లో గ్రేడు తీసుకోవాలన్న చట్టమూ లేదు. కొందరు యజమానులు పాత ఓడకు విలువకు మించి బీమా చేసి, నీళ్లు అంచుదాకా వచ్చేలా సరుకు ఎక్కించేవారు. ఓడ చేరితే లాభం, మునిగినా లాభమే. సంతకం పెట్టి చేరిన నావికుడు ఓడ పరిస్థితి చూసి ఎక్కనంటే జైలు. ఆ ఓడలకు జనం పెట్టిన పేరు శవపేటికలు.

సరుకుకు హద్దు గీత ఉండాలని మొదట గట్టిగా అడిగింది ఆయన కాదు, జేమ్స్ హాల్ అనే ఓడల యజమాని. యజమానులందరూ చెడ్డవాళ్లు కారన్నమాట. ఆ వాదనను దేశమంతా వినేలా చేసింది మాత్రం ప్లిమ్‌సోలే. 1873లో అవర్ సీమెన్ అనే పుస్తకం రాశారు. అందులో తొందరపాటు ఆరోపణలూ ఉన్నాయి. పరువునష్టం దావాలు మీద పడ్డాయి. భార్య ఎలైజా ఆ పోరాటమంతా ఆయన వెంటే నిలిచారు.

1875 జులై 22న డిజ్రేలీ ప్రభుత్వం ఓడల బిల్లును పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ప్లిమ్‌సోల్ నిగ్రహం కోల్పోయారు. సభలోనే పిడికిలి బిగించి, తోటి సభ్యులను దుర్మార్గులంటూ తిట్టారు. వారం తర్వాత సభకు క్షమాపణ చెప్పారు. అప్పటికే బయట జనం ఆయన వైపు తిరిగారు. ప్రభుత్వం దిగొచ్చి తాత్కాలిక చట్టం చేసింది. 1876 చట్టంతో గీత తప్పనిసరైంది.

కానీ గీత ఎక్కడ ఉండాలో యజమాని ఇష్టానికే వదిలేశారు! ఒక కెప్టెన్ ఏకంగా పొగగొట్టం మీద గీయించాడని చెప్పుకుంటారు. సరైన చోటు తేల్చడానికి మళ్లీ సర్వేయర్ల లెక్కలే కావాల్సి వచ్చాయి. లాయిడ్స్ రిజిస్టర్ చీఫ్ సర్వేయర్ బెంజమిన్ మార్టెల్ ఓడల కొలతల నుంచి పట్టికలు తయారుచేశారు. ఏ సైజు ఓడ అంచు నీటికి ఎంత ఎత్తున ఉండాలో వాటిలో ఉంటుంది. 1890 చట్టం వచ్చాక గీత స్థానం యజమాని చేతుల్లోంచి పోయింది.

అప్పటికి ప్లిమ్‌సోల్ పార్లమెంటులో లేరు. 1880లోనే మరో నాయకుడి కోసం తన సీటు వదులుకున్నారు. తర్వాత ఓడల్లో కుక్కి తరలించే పశువుల గురించి పోరాడారు. 1898లో ఫోక్‌స్టోన్‌లో కన్నుమూశారు.

ఈ సెలవుల్లో వైజాగ్ వెళ్తే, హార్బరులోకి వచ్చే సరుకు ఓడ పక్క భాగం పిల్లలకు చూపించండి. ఒక గుండ్రం, దాని మధ్యగా గీత కనిపిస్తాయి. లాయిడ్స్ వాళ్లు కొలిచిన ఓడైతే అటూ ఇటూ ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. పక్కనే నిచ్చెనలా మరికొన్ని గీతలు. టి అంటే మనలాంటి ఉష్ణమండల సముద్రాలకు, డబ్ల్యు అంటే చలికాలానికి, ఎఫ్ అంటే మంచినీళ్లకు. మంచినీళ్లకు వేరే గీత ఎందుకని పిల్లలు అడిగితే, ఇంటికొచ్చాక ఒక గ్లాసులో మామూలు నీళ్లు, ఇంకో గ్లాసులో బాగా ఉప్పు కలిపిన నీళ్లు పోసి, రెండింటిలోనూ కోడిగుడ్డు వేసి చూడమనండి.