వోల్టా: బురదలో బుడగ నుంచి బ్యాటరీ దాకా

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పెరిగిన వాళ్లకి మురుగు కాలవలు కొత్త కాదు. అడుగున ఉన్న బురదని కర్రతో కదిలిస్తే బుడబుడమని బుడగలొస్తాయి. చిన్నప్పుడు మనం చూసి వదిలేశాం. 1776 నవంబరులో ఇటలీలో మజోరే సరస్సు ఒడ్డున ఒకాయన వదల్లేదు. ఆ బుడగల్ని సీసాలో పట్టి మంట పెట్టాడు. అంటుకుంది! అదే మీథేన్. ఇవాళ పైపుల్లో వంటింటికి వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం అదే. ఆయన పేరు అలెస్సాండ్రో వోల్టా.

1745లో కోమోలో పుట్టాడు. నాలుగేళ్లు వచ్చేదాకా మాటలు రాలేదంటారు. అలాంటి పిల్లాడు పావియా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యాడు.

అప్పట్లో గాల్వానీ అనే డాక్టర్ చచ్చిన కప్ప కాలికి రెండు లోహాలు తగిలిస్తే అది కొట్టుకుంది. కరెంటు కప్పలోనే ఉందన్నాడాయన. వోల్టా మొదట ఒప్పుకున్నాడు. తనే చేసి చూశాక అనుమానం వచ్చింది. అసలు సంగతి ఆ రెండు లోహాల్లో ఉందేమో? ఏళ్ల తరబడి వాదన నడిచింది. నెపోలియన్ పెట్టిన కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చెయ్యనన్నందుకు గాల్వానీ ఉద్యోగం పోయింది. 1798లో ఆయనే పోయాడు.

1800లో వోల్టా కప్పని పక్కన పెట్టేశాడు. వెండి, జింకు బిళ్లల మధ్య ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్కలు పెట్టి దొంతర పేర్చాడు. కరెంటు ఆగకుండా వచ్చింది. అదే మొదటి బ్యాటరీ. మరుసటి ఏడాది నెపోలియన్‌కే చూపించాడు, తర్వాత కౌంట్ బిరుదు కూడా అందుకున్నాడు.

మరి గెలిచిందెవరు? ఇద్దరూ సగం సగమే. నరాల్లో కరెంటు నిజంగానే ఉంది. దొంతరలో పనిచేసింది రసాయన చర్య, అది వోల్టాకి తట్టలేదు. అట్ట ఆరిపోయేది, జింకు తినేసేది. ఆ బ్యాటరీ ఎక్కువకాలం నిలిచేది కాదు.

ఇప్పటి స్మార్ట్ గ్యాస్ మీటర్‌కి కరెంటు వైరు ఉండదు. లోపల లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్ ఉంటుంది, 3.6 వోల్టులు. మీటర్ దాదాపు ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. రీడింగ్ పంపేటప్పుడు మాత్రం లేస్తుంది. అందుకే ఒకే సెల్‌తో పదేళ్లకి పైగా నడిచేలా తయారుచేస్తారు.

వోల్టా 1827లో పోయాడు. మీటర్ గుండా వెళ్లే గ్యాస్ ఆయన పట్టిందే, లోపలి సెల్ ఆయన పేర్చినదాని వారసురాలే, వోల్టు ఆయన పేరే. ఈసారి కాలవ గట్టున బుడగ కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.