డెబ్బై నిండిన కోచ్

మన సభ్యుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవారు కొద్దిమందే ఉండవచ్చు. అయినా ఫారెస్ట్ అలెన్ కథ వింటే ఈయన మనవాడేననిపిస్తుంది. ఆయన్ని ఇంటికి పంపింది ఓటమి కాదు, పుట్టిన తేదీ.

అలెన్ 1885 నవంబరు 18న అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో, జేమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో జన్మించారు. పొగమంచులో ఓడలు మోగించే కొమ్ములాంటి గొంతు కావడంతో అందరూ ‘ఫాగ్’ అనేవారు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఆయన గురువు, 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్. ఇది ఆడుకునే ఆటే గాని ఒకరు కూర్చుని నేర్పేది కాదని నైస్మిత్ గారి అభిప్రాయం. శిష్యుడు ఆ మాట చెవిని పెట్టలేదు. (నైస్మిత్ హయాంలో కాన్సాస్‌కు 55 గెలుపులు, 60 ఓటములు!)

గురువు తర్వాత 1907లో ఆ జట్టు బాధ్యత అలెన్‌కే వచ్చింది. రెండేళ్ళు చేసి, వదిలి, ఆస్టియోపతి వైద్యం చదివారు. ఆటగాళ్ళ బెణుకులు తానే సరిచేసేవారు. 1919లో తిరిగి వచ్చి 1956 దాకా ఉన్నారు. మొత్తం 39 సీజన్లు, 590 విజయాలు, 1952లో జాతీయ ఛాంపియన్‌షిప్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కడం వెనుక ఆయన పట్టుదల ఉంది. ఆయన దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ తర్వాత పేరుమోసిన కోచ్‌లయ్యారు. 1955 మార్చిలో ప్రారంభమైన కొత్త క్రీడా భవనానికి, ఆయన సర్వీసులో ఉండగానే, ఆయన పేరే పెట్టారు.

ఇక అసలు సంగతి. ఫిలడెల్ఫియా నుంచి విల్ట్ చాంబర్లేన్ అనే ఏడడుగుల కుర్రవాడిని అలెన్ ఎలాగో కాన్సాస్‌కు రప్పించారు. ఆనాటి నిబంధన ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడరాదు. 1955 నవంబరు 18న ఆ కుర్రాళ్ళకూ ప్రధాన జట్టుకూ పోటీ పెట్టారు. చాంబర్లేన్ ఒక్కడే 42 పాయింట్లు చేశాడు. పెద్దవాళ్ళు ఓడిపోయారు.

సరిగ్గా ఆ రోజే అలెన్‌కు 70 నిండాయి. 70 నిండితే పదవీ విరమణ తప్పనిసరి అని అక్కడి రూలు. మినహాయింపు కోరారు, పైవారు ఒప్పుకోలేదు. చాంబర్లేన్ ప్రధాన జట్టులోకి రాకముందే 1956లో ఆయన దిగిపోయారు. 58 నిండి నేను దిగిననాడు నా బల్లమీద సగం రాసిన ఫైలు ఒకటి ఉండిపోయింది. అది ఎవరు ముగించారో ఇప్పటికీ తెలియదు. అలెన్ గారి ఫైలు ఏడడుగుల మనిషి!

1957లో, ఆయన సహాయకుడు డిక్ హార్ప్ కోచ్‌గా, కాన్సాస్ జాతీయ ఫైనల్‌కు చేరింది. మూడుసార్లు అదనపు సమయం ఇచ్చాక నార్త్ కరోలినా చేతిలో 54–53తో ఓడింది. ఆ ఒక్క పాయింటు రూల్సు పుస్తకం ఖాతాలో వేయాలని నాకనిపిస్తుంది.

అలెన్ లారెన్స్ పట్టణంలోనే వైద్యం చేసుకుంటూ ఉండి, 1974 సెప్టెంబరు 16న 88 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అంతకు రెండేళ్ళ ముందే శిష్యుడు రప్‌ను కూడా కెంటకీ విశ్వవిద్యాలయం అదే 70 ఏళ్ళ రూలు మీద ఇంటికి పంపింది.