బూటు కరిచింది, పరుగు ఆగలేదు

అబెబె బికిలా అనగానే చాలామందికి ఒకటే ఫోటో గుర్తొస్తుంది. రోమ్ నగరంలో రాత్రిపూట, వట్టి కాళ్లతో పరుగెత్తుతున్న బక్కపలచని మనిషి. ఆ ఫోటో ఎక్కడ కనబడినా కింద ఒక మాట తగిలిస్తారు, పాపం బూట్లు కొనుక్కునే స్తోమత లేక అలా పరుగెత్తాడని. అది నిజం కాదు. అది చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇథియోపియాలో ఇంటిపేర్లు ఉండవు. అబెబె ఆయన పేరు, బికిలా వాళ్ల నాన్న పేరు. ఇక్కడ తమిళనాట మనం నాన్న పేరుని ఇనీషియల్‌గా పెట్టుకుంటామే, ఇంచుమించు అలాగన్నమాట. కాబట్టి ఆయన్ని అబెబె అనే పిలవాలి.

1932 ఆగస్టు 7న జాటో అనే పల్లెలో పుట్టాడు. కుర్రతనంలోనే అడిస్ అబాబా వెళ్లి, చక్రవర్తి హైలే సెలాసీ అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. ఆ ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంది. గాలి పలచన. అక్కడ బతికేవాళ్ల ఒంట్లో ఆక్సిజన్‌ని మోసే ఎర్ర కణాలు ఎక్కువగా తయారవుతాయి. అలాంటివాడు కిందికి దిగొచ్చి పరుగెత్తితే ఊపిరి అంత తొందరగా చాలకపోదు. అబెబె బలంలో ఇదొక పాలు. రెండో పాలు ఓన్నీ నిస్కానెన్ అనే స్వీడన్ కోచ్ ఇచ్చిన సాధన.

1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లేసరికి పాత బూట్లు అరిగిపోయాయి. అక్కడ కొత్త జత తొడిగి చూశాడు. సరిపోలేదు, కరిచింది, బొబ్బలెక్కింది. కొత్త చెప్పులేసుకుని పెళ్లికెళ్లి కుంటుకుంటూ తిరిగొచ్చినవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటిది 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగెత్తాలి! బూట్లు లేకుండా పరుగెత్తడం అబెబెకి ఇంటి దగ్గర అలవాటే. అందుకని పక్కన పెట్టేశాడు. అది లేమి కాదు, లెక్క.

వట్టి కాళ్లతో పరుగెత్తేవాడు మడమని రాతి మీద గట్టిగా మోపలేడు, నొప్పి ఊరుకోదు. అందుకని అడుగు పొట్టిదవుతుంది, పాదం ఒంటికి సరిగ్గా కిందనే పడుతుంది, ముందుభాగం ముందు ఆనుతుంది. మోకాలి మీద కుదుపు తగ్గుతుంది. కానీ ఆ భారం పిక్కల మీద, మడమ వెనక స్నాయువు మీద పడుతుంది. చిన్నప్పట్నుంచీ అలవాటున్నవాడికి అది సరిపోతుంది. మనలాంటివాళ్లం ఒక్కసారిగా బూట్లు విప్పి గ్రౌండ్ చుట్టూ పరుగెడితే మర్నాడు మెట్లు దిగలేం.

సెప్టెంబరు 10 సాయంత్రం పరుగు మొదలైంది. చీకటి పడ్డాక దారి పక్కన సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. చివరిదాకా పోటీ ఇచ్చింది మొరాకో దేశస్థుడు రాదీ. అక్సుమ్ స్తంభం దాటే చోట అబెబె వేగం పెంచాడు. ఇథియోపియాని ఆక్రమించుకున్నప్పుడు ముసోలినీ ప్రభుత్వం రోమ్‌కి ఎత్తుకొచ్చిన స్తంభం అది. అక్కణ్ణించి రాదీ అందుకోలేకపోయాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలోనే అతి తక్కువ సమయం.

(పక్కమాట: అదే రోమ్‌లో ఆడవాళ్లకి పెట్టిన అతి పొడవైన పరుగు 800 మీటర్లు. అదీ 1928లో ఒకసారి పెట్టి, ఆడవాళ్లు తట్టుకోలేరని తీసేసి, 32 ఏళ్ల తర్వాత మళ్లీ పెట్టింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984 దాకా లేదు. 1996లో దాన్ని గెలిచింది ఇథియోపియా అమ్మాయే, ఫాతుమా రోబా.)

1964 టోక్యోకి వచ్చేసరికి కథ వేరు. పోటీకి ఐదారు వారాల ముందు అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. ఈసారి సరిపోయే బూట్లు, సాక్స్ వేసుకున్నాడు. వట్టికాళ్ల వీరుడన్న పేరు నిలబెట్టుకోవాలని పట్టుపట్టలేదు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. కోన్ ఇచికావా తీసిన ఆ ఒలింపిక్స్ సినిమాలో ఆయన పరుగు చూడొచ్చు. తల ఊగదు, భుజాలు బిగబట్టడు, చేతులు కిందికి, వదులుగా ఉంటాయి. ఛాతీ బిగుసుకోకపోతే ఊపిరి లోతుగా ఆడుతుంది కదా! మొహంలో మాత్రం ఏమీ తెలీదు. 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో ముగించాడు, రెండోవాడు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా ఈయన మైదానంలో పడుకుని కాళ్లు చాపి వ్యాయామం చేస్తున్నాడు. ఒలింపిక్ మారథాన్ రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి.

1968 మెక్సికోలో కాలి ఎముక సహకరించక సుమారు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. గెలిచింది సాటి ఇథియోపియావాడు మామో వోల్డే. మరుసటి ఏడు మార్చిలో కారు ప్రమాదం. నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్య పోటీల్లో పాల్గొన్నాడు. నార్వేలో కుక్కలు లాగే మంచుబండి పందెం కూడా గెలిచాడు! 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి అతిథిగా వెళ్లాడు.

1973 అక్టోబరు 25న మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. అప్పటికి 41 ఏళ్లే. అడిస్ అబాబాలో అంత్యక్రియలకి చక్రవర్తి స్వయంగా వచ్చాడు.

ఆ అక్సుమ్ స్తంభాన్ని ఇటలీ 2005లో ముక్కలుగా విమానాల్లో తిప్పి పంపింది. 2008లో దాన్ని సొంత ఊళ్లో మళ్లీ నిలబెట్టారు.