తాళాల మేస్త్రి కొడుకు

మొదటి సంవత్సరం ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో మనందరం ఓమ్ నియమం చేసినవాళ్లమే. గ్రాఫులో ఒక గీత గీసి, సంతకం పెట్టించుకుని బయటపడతాం. ఆ గీత గీసినాయన ఎట్లా బతికాడో ఎవరూ చెప్పరు.

గియోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే మేస్త్రి. సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుకులిద్దరికీ ఇంట్లోనే చెప్పాడు. చిన్నవాడు మార్టిన్ గణితంలో పేరు తెచ్చుకున్నాడు. పెద్దవాడు మాత్రం ఏళ్ల తరబడి బడిపంతులే. 1817లో కొలోన్‌లో ఒక పాఠశాలలో చేరాక మంచి పరికరాలున్న ల్యాబ్ చేతికొచ్చింది.

అప్పటి బ్యాటరీలతో పెద్ద తంటా. తీగ కలపగానే కరెంటు దిగజారిపోయేది. పోగెన్‌డార్ఫ్ సలహాతో ఓమ్ వాటిని పక్కనపెట్టి, బిస్మత్, రాగి కలిపి థర్మోకపుల్ చేశాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకోటి మంచులో. కరెంటు నిలకడగా వచ్చింది. అప్పుడు వేర్వేరు పొడవుల రాగి తీగలు పెట్టి అయస్కాంత సూది ఎంత తిరుగుతుందో కొలిచాడు. కొలిచేముందు దేన్ని నమ్మొచ్చో తేల్చుకున్నాడు చూడండి, నాకు ఆయన నచ్చింది అక్కడే.

ఆ ఓపిక ఎంత అవసరమో నల్లగొండలో మా చిన్నాయన పాత అంబాసిడర్ దగ్గర తెలిసింది. రాత్రి లైట్లు మసక, పొద్దున స్టార్ట్ కాదు. ఒకరు బ్యాటరీ పోయిందన్నారు, మార్పించాడు. నెలకే మళ్లీ అదే కథ. ఇంకొకరు డైనమో మార్చాలన్నారు. చిన్నాయన అప్పటికే అప్పుల్లో ఉన్నాడు. ఇంజన్, హెడ్‌లైట్లు ఆన్‌లో ఉంచి మల్టీమీటర్ పెట్టిన. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.6. అంటే తయారీ బాగానే ఉంది, దారిలోనే పోతోంది. ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ బోల్టుకి, ఇంకోటి బ్యాటరీ ప్లస్‌కి పెడితే 1.6 చూపించింది. కరెంటు 20 ఆంపియర్లు అనుకుంటే నిరోధం 0.08 ఓములు. బండి ఆపేసి మామూలు మీటర్‌తో ఓములు కొలిస్తే ఇంత చిన్నది నమ్మకంగా దొరకదు, కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. తీగ చివరి లగ్గు నిండా పచ్చటి చిలుము. కొత్త లగ్గు వేశాం, బ్యాటరీ దగ్గర 14 వచ్చింది. డైనమో జోలికి పోలేదు.

ఓమ్ 1827లో తన లెక్కంతా పుస్తకంగా వేశాడు. దాంతో యూనివర్సిటీలో చోటు దొరుకుతుందని ఆశపడ్డాడు. సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడు కొలోన్ ఉద్యోగం వదిలేసి, బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుంటూ గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో పని దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మెచ్చుకోలు కూడా పరాయి దేశం నుంచే రావాలి కాబోలు! మ్యూనిక్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ కుర్చీ 1852లో దక్కింది, అప్పటికి 63 ఏళ్లు. రెండేళ్లకే, 1854 జులైలో పోయాడు. నిరోధం కొలతకు పారిస్ మహాసభ ఆయన పేరు ఖాయం చేసింది 1881లో.